నూనె పోసిన కీబోర్డు

మైపాడు సముద్రపు ఉప్పుగాలికి హెబ్రోను ఇంట్లో ఒక్క కీబోర్డూ బతికి బట్టకట్టలేదు. కొన్నవన్నీ తుప్పుపట్టి పోయాయి. అందుకే ఒక కంపెనీవాళ్లు చిన్న గేమింగ్ కీబోర్డు పంపేసరికి అతనికి కాలు నేల మీద నిలవలేదు. బటన్ నొక్కితే లోపల వెలుతురుకు అడ్డుపడి అక్షరం పడుతుందట. లోహం తగిలే పనే లేదట, తుప్పు భయమూ లేదట. అతని యూట్యూబ్ చానెల్‌ని నమ్మి ఎవరైనా వస్తువు పంపడం అదే మొదలు. సాయంత్రానికి వీడియో పెట్టి, దాన్ని చెక్కుచెదరకుండా వెనక్కి పంపాలి. పాడుచేశాడా, ఇక ఏ కంపెనీ మొహం చూడదు.

పొద్దున్నుంచీ దాని మీదే ఆట. పక్కన అంకెల బటన్లు లేకపోవడంతో బల్ల మీద టీ గ్లాసుకు చోటు మిగిలింది. వేగానికి వంక పెట్టలేం. మోతే మహా ఘోరం. స్పేస్ బార్ నొక్కినప్పుడల్లా పక్కింటివాళ్లు తమ తలుపే కొట్టారనుకుని తీసి చూస్తున్నారు. ఆ మాట వీడియోలో గట్టిగా చెబుదామనుకుని స్నానానికి వెళ్లాడు.

వాళ్లమ్మ కరుణాకుమారికి ఒక పట్టింపు. ఇంట్లోకి మిక్సీ వచ్చినా, మోటారు సైకిల్ వచ్చినా ప్రార్థన జరగాల్సిందే. హెబ్రోను తల తుడుచుకుంటూ వచ్చేసరికి పాస్టర్ మాథ్యూ గారు కళ్లు మూసుకుని, కీబోర్డు మీద ప్రార్థన నూనె సీసా వంచి ఉన్నారు. ఆయన ప్రార్థన పొడుగని ఊరందరికీ తెలుసు. చుక్క పడాల్సిన చోట సగం సీసా పడింది.

"అయ్యగారూ!"

"ముందు ఆమెన్ అను అబ్బయా," అంది తల్లి.

హెబ్రోనుకు ఏడుపొక్కటే తక్కువ. కీబోర్డును తలకిందులు చేసి, తువ్వాలుతో ఒత్తి, స్పేస్ బార్ నొక్కాడు. చప్పుడు లేదు. చచ్చిందనుకున్నాడు. తీరా చూస్తే తెర మీద బొమ్మ ఎగిరింది! అన్ని బటన్లూ కిక్కురుమనకుండా పనిచేస్తున్నాయి.

"చూసినావా? నీకే విశ్వాసం లేదు," అంది కరుణాకుమారి.

ఇప్పుడు మోత ఉందంటే అబద్ధం, లేదంటే కొన్నవాళ్లు తిడతారు. చేసేది లేక జరిగిందంతా వీడియోలో చెప్పేశాడు. "కీబోర్డు బాగుండాది. మోత తగ్గాలంటే మాత్రం పాస్టర్ గారు కావాల. ఆయన డబ్బాలో రారు."

సాయంత్రమే కంపెనీవాళ్ల ఫోన్. హెబ్రోను గుండె చేతబట్టుకుని ఎత్తాడు. వీడియో చూసి ఆఫీసంతా నవ్వుతోందట. ఆ కీబోర్డు అతన్నే ఉంచుకోమన్నారు. ఇంకోటి కూడా పంపుతారట. ఈసారి దయచేసి నూనె లేకుండా పరీక్షించమన్నారు.

హెబ్రోను ఎగిరి గంతేసి తల్లికి చెప్పాడు.

"ఎప్పుడొస్తాదంట?" అంది ఆమె, చెప్పులేసుకుంటూ. "అయ్యగారికి ముందే చెప్పాల."