కళ్ళు తెరిచే వేళ

ఓబులేసు కూతురు, నంద్యాలలో డిగ్రీ చదివే వర్షిణిని ఎవడో తరుముతున్నాడని పక్కింటి రామమ్మ చెప్పిందట. రామమ్మకు ఆమె చెల్లెలు ఫోన్లో చెప్పిందట. ఆ చెల్లెలుండేది వర్షిణి గదికి ఆనుకున్న పోర్షన్లోనే. గోడకు చెవి పెట్టక్కర్లేదట, బియ్యం ఏరుకుంటా కూర్చున్నా వినబడుతుందట: "వాడు నా ఎనకనే వస్తాండాడు, మీరు పోండి, నేను చూసుకుంటా!" దినామూ ఇవే కేకలట.

ఓబులేసు భార్య ఈ మాటలన్నీ విని, వాటికి తన ఏడుపు కలిపి, మొగునికి అన్నంతోబాటే వడ్డించింది. ఆ పూట ముద్ద దిగలేదాయనకు.

ఓబులేసు ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే మనిషి. షెడ్డులో నరసింహస్వామి విగ్రహం ఒకటి దాదాపు పూర్తయింది. జూలు తేలింది, గోళ్ళు తేలాయి, కళ్ళొక్కటే మిగిలాయి. దాని మీద గోనెపట్టా కప్పి, ఆదివారం పొద్దున్నే నంద్యాల బస్సెక్కాడు. కిటికీ పక్కన కూర్చున్నాడే గాని దారిలో ఒక్క ఊరూ ఆయన కంటికి ఆనలేదు. డిగ్రీ పోతే పోనీ, పిల్ల దక్కితే చాలు. ఇంటికి తీసుకుపోవడమే.

గదిలో వర్షిణి, ఆమెతో చదివే సబా చెరొక కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నారు.

"యాడుండాడు వాడు?" అన్నాడు చెప్పులైనా విడవకుండా.

"ఎవురు నాయనా?"

"నిన్ను తరిమేటోడు."

ఆడపిల్లలిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. సబా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని చూసింది, ఆగలేదు, మంచం మీద పడి నవ్వింది. "వాడు కంప్యూటర్లో ఉండాడు మామా!"

వర్షిణి తండ్రికి నీళ్ళిచ్చి, నిదానంగా చెప్పుకొచ్చింది. "జపానోళ్ల బొమ్మల సీరియల్ ఒకటుంది నాయనా, చిన్నప్పుడు టీవీలో చూస్తాంటి గదా. దాన్నే ఆట చేసినారు. ఒకడు రాక్షసుడు. మిగతా ఏడుగురం ఉత్త మనుషులం. అందరూ యాడాడ్నో కూర్చోని నెట్లో ఆడతారు."

"ఒకని మీద ఏడుగురా? థూ. న్యాయముందా పాపా?"

"ఎవురికి న్యాయం లేదో చూస్తే తెలుస్తాది."

"చూసేదేం లేదు. బట్టలు సర్దు. రామమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. ఊరంతా చెప్పకముందే ఇంటికి పోదాం."

వర్షిణి గ్లాసు అందుకుని కిటికీలో పెట్టింది. గొంతు పెంచలేదు. "ఒక్క ఆట చూడు. ఏడుగురమూ బయటపడితే నేనీడే ఉండి చదువుకుంటా. ఒక్కరు చచ్చినా నీతో బస్సెక్కుతా. మళ్ళా నోరెత్తను."

"మ్మే, నీకేమన్నా పిచ్చా?" అంది సబా. ఆమె నవ్వు ఎగిరిపోయింది.

ఓబులేసు సరేనన్నాడు. ఆ ఇంట్లో మాటంటే రాతి మీద గీత. అది తండ్రికీ తెలుసు, బిడ్డకూ తెలుసు.

ఆట మొదలైంది. తెర మీద ఒక నగరం లేచింది. వీధులు, మేడలు, వాటి సందుల్లో చీమల్లాగా ఏడుగురు మనుషులు. వాళ్ళ చేతుల్లో కర్రముక్క కూడా లేదు. నగరంలో అక్కడక్కడా దాచిన యంత్రాలన్నిటినీ నడిపిస్తే ఒక తలుపు తెరుచుకుంటుంది, అందులోంచి పారిపోవాలి. అంతవరకూ రాక్షసుడి కంటబడకూడదు.

వాడు మొదట పురుగంత ఉన్నాడు. "ఈ పురుగుకా ఇంత భయం?" అన్నాడు ఓబులేసు. ఆ పురుగు పైపెంకు విడిచింది. ఎద్దంతయింది. మళ్ళీ విడిచింది. ఈసారి మేడలు దాని మోకాళ్ళ దగ్గర ఆగిపోయాయి. అది చెయ్యి ఊపితే ఒక పేట మొత్తం తూర్పారబట్టిన పొట్టులాగా లేచిపోయింది. ఓబులేసు ఎప్పుడు కూర్చున్నాడో ఆయనకే తెలియదు. నోరు తెరిచినవాడు మూయలేదు.

దానికంటే ఎక్కువ వింత తన కూతురే. పెళ్ళిళ్ళలో పలకరిస్తే తల్లి వెనక నక్కే పిల్ల, చెవులకు తగిలించుకున్న మైకులో ఎవరెవరినో అదిలిస్తోంది. "అజయన్నా, ఎడం సందులోకి దూరు. సబా, నువ్వు కదలాకు. వాడు నా ఎనకనే వస్తాండాడు, మీరు పోండి!" ఆ కొండంత దాని కాళ్ళ సందుల్లోంచి వేలెడంత మనిషిని పరుగెత్తిస్తోంది. చెయ్యి వణకడం లేదు. ఇంత నిబ్బరం తన ఇంట్లో ఎప్పుడు పుట్టింది?

తలుపు తెరుచుకుంది. ఒక్కొక్కరే దూరుతున్నారు. వర్షిణి మాత్రం గడపలోనే ఆగి, వెనకబడిన సబా కోసం చూస్తోంది. అవతల రాక్షసుడు చివరి పెంకులో ఉన్నాడు. రాయిలాంటి ఆ పెంకు నిలువునా చీలింది. లోపలినుంచి భుజాలు, మెడ, దవడ, ఒక్కొక్కటీ తేలుతున్నాయి. ఓబులేసు తెర మీదికి వంగాడు. ఇన్నేళ్ళు తను ఉలి పట్టి రాతిలోంచి రప్పించిన రూపం, ఇక్కడ దానంతట అదే వస్తోంది. ముఖం నున్నగా నిలిచింది. రెప్పలు ఇంకా మూసే ఉన్నాయి.

ఎదురుగా తన బిడ్డ.

శిల్పుల ఇళ్ళలో పసిపిల్లలకు కూడా తెలుసు. విగ్రహానికి కళ్ళు చివర్న తెరుస్తారు. ఆ వేళ దాని ముందర మనిషి నిలబడడు, అద్దం నిలబెడతారు. తొలిచూపు మనిషి మీద పడకూడదు.

సబా గడప దాటింది. వర్షిణికి ఒక్క అడుగు మిగిలింది.

తెర మీది రెప్ప కదిలింది. "ఎదురుగా ఉండాకు పాపా!" అని ఓబులేసు కేకపెట్టి, కూతుర్ని రెండు భుజాలూ పట్టి పక్కకు గుంజేశాడు. కుర్చీ ఒరిగింది. మైకు తీగ తెగినట్టు ఊడింది. గడపలో వేలెడంత మనిషి ఆడించేవాళ్ళు లేక అట్లాగే నిలబడిపోయింది. రాక్షసుడు కళ్ళు తెరిచాడు. తెరంతా తెల్లబడింది. ఆ తెలుపు తగ్గేసరికి గడపా లేదు, మనిషీ లేదు.

వర్షిణి లేచి, భుజం రుద్దుకుంది. తండ్రి వైపు చూడకుండానే మంచం కిందినుంచి బ్యాగు లాగి, దండెం మీది బట్టలు ఒక్కొక్కటే అందులో పెట్టసాగింది.

"ఏం జేస్తావులే పాపా," అన్నాడాయన, ఇంకా తెర వైపే చూస్తూ. "అంత పెద్దదాని ముందర మనమెంత? ఎవురైనా చచ్చేదే గదా."

సబా చెవుల మైకు తీసి మంచం మీద పెట్టింది.

"నువ్వు గుంజేటప్పటికి వాడు కండ్లు గూడా తెరవలా మామా. దీన్ని చంపింది నువ్వు."