దించేసిన ఎర్రజెండా

వాతావరణ గది కిటికీలోంచి చూస్తే జెండా స్తంభం బోడిగా కనిపించింది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

భోజనానికి ముందు తన చేత్తోనే ఎర్రజెండా ఎగరేసింది. వేసవిలో ఈ సరస్సు పొద్దున అద్దంలా ఉంటుంది. ఎండ ముదిరాక పడమటి కొండల మీద నల్లమబ్బు లేస్తుంది, ఆ వెనకే ఈదురుగాలి విరుచుకుపడుతుంది. ఇవాళ కూడా అదే హెచ్చరిక. జెండా ఉంటే ఏ బోటూ రేవు దాటదు. బోటువాళ్లు రేడియో వినరు, స్తంభాన్నే చూస్తారు.

మెట్లు దిగి టికెట్ల గదిలోకి దూసుకెళ్లింది. బోట్ల యజమాని ఆమె సొంత అన్న. తీరిగ్గా కూల్‌డ్రింకు తాగుతున్నాడు. ఎర్రజెండా అతని కుర్చీ మీద తువ్వాలులా వేలాడుతోంది.

"ఎవరు దించారు?"

"నేనే. బయట చూడు, ఇసక వేస్తే రాలనంత జనం. నీ మబ్బు ఇంకా కొండే దిగలేదు. అదొచ్చేలోగా ఓ ట్రిప్పు అయిపోతుంది."

"ఎవరెళ్లారు?"

"ఇంకెవరు, మీ ఆయనే! స్తంభం ఖాళీగా ఉందని ఈల వేసుకుంటూ పోయాడు. బోటు నిండా పిల్లాజెల్లా."

ఆమె రేడియో అందుకుని పిలిచింది. మళ్లీ పిలిచింది. జవాబు లేదు. జనానికి పాటలు పెట్టాడంటే అతని రేడియో చెవిటిదే. అప్పటికే కొండలు నల్లబడిపోయాయి.

గోడకు సైరన్ బటన్ ఉంది. మనిషి మునిగితేనే నొక్కాలి. అది మోగితే నీళ్లమీదున్న ప్రతి బోటూ రేవుకు తిరిగి రావాల్సిందే.

"ఏయ్, ముట్టుకోకు! ఉత్తినే మోగిస్తే నా లైసెన్సు ఊడుతుంది!"

"ఊడనీ."

"నేను నీకు అన్నని!"

"కాబట్టే ఆ కుర్చీ నీ నెత్తిన వెయ్యలేదు."

నొక్కింది. రేవంతా అదిరిపడింది. దూరాన తెల్లచుక్కలా ఉన్న బోటు కాస్త ముందుకే పోయి, ఆగి, చటుక్కున తిరిగింది. దాని వెనక నీళ్లమీద నల్లటి గీత తరుముకొస్తోంది. ఆమె బటన్ మీంచి వేలు తియ్యలేదు.

గాలి రేవును కొట్టేసరికి బోటు రేవు అడ్డుగోడ చాటుకు చేరింది. తడిసి ముద్దయిన జనం ఏడుస్తూ దిగారు. ఆమె పరుగున వెళ్లింది. భర్త ఒడ్డుకు దూకి అరిచాడు.

"ఎవరు? మునిగిందెవరు?"

"ఎవరూ లేరు."

"మరెందుకు మోగించావ్? బోటులో తల్లులు గుండెలు బాదుకున్నారు! పిచ్చి పట్టిందా నీకు?"

"జెండా నేను ఎగరేశాను. మా అన్న దించాడు."

అతను వెనక్కి తిరిగి చూశాడు. ఇందాక బోటున్న చోట నురగ తప్ప ఏమీ లేదు. అలలు గోడ మీంచి ఎగిరి పడుతున్నాయి.

టికెట్ల గది గుమ్మంలోంచి అన్న కేకేశాడు. "బావా! కాస్త గాలి తగ్గాక ఇంకో ట్రిప్పు వేద్దాం, జనాన్ని పోనివ్వకు!"

భర్త బోటు తాడు బిగించి కట్టాడు. లైఫ్ జాకెట్ విప్పి ఆమె చేతికిచ్చాడు.

"పట్టుకో," అని చొక్కా చేతులు మడుచుకుంటూ గుమ్మం వైపు నడిచాడు.

ఆమె పట్టుకుంది. ఆపలేదు.