మేడ మీది గది అద్దె

గోనె సంచుల వ్యాపారంలో తల నెరిసినవాణ్ణి. సరుకు ఎంతకు కొన్నాం, ఎంతకు అమ్మాం అన్నది అందరూ లెక్క వేస్తారు. సరుకు తడవకుండా ఉండటానికి పెట్టిన ఖర్చును మాత్రం దండగ కింద రాస్తారు. కొట్లో ఈ తప్పు చేసిన గుమాస్తాను మందలిస్తాను. బ్యాంకులో చేసినవాణ్ణి ఛైర్మన్ గారూ అని పిలవాల్సి వచ్చింది.

తెనాలిలోని మా సహకార బ్యాంకుకు నేనొక డైరెక్టర్ని. బాపట్లలో ఒకటి, రేపల్లెలో ఒకటి శాఖలున్నాయి. రేపల్లెలో రైతులు తాకట్టు పెట్టిన పొలం దస్తావేజులను కింద ఉంచరు. డెబ్బై ఏడు ఉప్పెనలో కింది గదిలోకి ఉప్పునీళ్లు వచ్చి కాగితాలన్నీ ముద్దయిపోయాయి. అప్పటి పెద్దలు మేడ మీద గది అద్దెకు తీసుకుని బీరువాలు పైకి ఎక్కించారు. అప్పటినుంచి అదే పద్ధతి.

2006 వేసవిలో ఛైర్మన్ వెంకటకృష్ణయ్య గారు హైదరాబాదు నుంచి అజయ్ బాబు అనే కుర్రవాణ్ణి పిలిపించారు. అతని సొంత ఊరు బాపట్లే. దొంగ నోట్లు, దొంగ సంతకాలు, అగ్ని, వరద, ఇలాంటి వాటివల్ల బ్యాంకుకు ఎంత నష్టం రావచ్చో అతని కంప్యూటరు చెబుతుందట.

"గత ఐదేళ్ల నష్టాలు ఎక్కించి కంప్యూటర్లో ఉత్తుత్తిగా పదివేల ఏళ్లు నడిపామండి. ఒక్కో ఏడాదికి ఒకసారి పాచికలు వేసినట్టు అనుకోండి. రేపల్లెలో దస్తావేజులకు నీళ్ల నష్టం ఒక్క ఏడాది కూడా రాలేదండి" అన్నాడు.

"ఆ పదివేల ఏళ్లూ ఏ ఊళ్లో నడిపావబ్బాయ్?" అన్నాను. పక్కనున్న డైరెక్టర్లు నవ్వారు. "మరి ఉప్పెన ఏమైంది?"

"అది ఐదేళ్ల లోపల లేదు కదండి. పైగా ఆ అంకె మిగతా నష్టాల అంకెలకు మరీ దూరంగా పడుతుంది. అలాంటివి పక్కన పెడతామండి. అది నేను పుట్టకముందు సంగతి."

"నువ్వు పుట్టకముందు మీ నాన్న కూడా ఉన్నాడు. ఆయన్నీ పక్కన పెట్టావా?"

అతను తల దించుకున్నాడు. నేను ఊరుకోలేదు. "ఐదేళ్లలో నష్టం ఎందుకు లేదు? కాగితాలు మేడ మీద ఉన్నాయి గనక. గొడుగు వేసుకున్నవాడి తల తడవలేదని, అసలు వానే లేదంటావా?"

"కాగితాలు మేడ మీద ఉన్నాయని నాకెవరూ చెప్పలేదండి" అని గొణిగాడు.

ఛైర్మన్ గారు చెయ్యి అడ్డం పెట్టారు. "పెద్ద పెద్ద బ్యాంకులన్నీ ఈ లెక్కలే చూస్తున్నాయి సైదా భాయ్. మనమింకా ఉప్పెన కథలు చెప్పుకుంటే ఎట్లా? ఆ అద్దె దండగ."

ఆ గది ఆయన బావమరిది కోచింగ్ సెంటరుకు కావాలని అక్కడున్న అందరికీ తెలుసు. అయినా గది వదిలేద్దామని చేతులు లేచాయి. నేను ఓడిపోయాను.

శ్రావణంలో సంచుల పని మీద రేపల్లె వెళ్లి బ్యాంకులో అడుగు పెట్టాను. బీరువాలు కింది గదిలో ఉన్నాయి. వాటి అడుగున ఉన్న అర నేలకు జానెడు ఎత్తు కూడా లేదు. పైన పిల్లలు ఇంగ్లీషు పాఠం వల్లె వేస్తున్నారు. వడ్డీ కట్టడానికి వచ్చిన విజయమ్మ నన్ను గుర్తుపట్టింది.

"ఏంటన్నా, కాగితాలు కిందికి దించారంట? అప్పుడు మా మావ దస్తావేజు ఈ గదిలోనే నానిపోయింది. నకలు తెచ్చుకునేలోపు పక్క పొలం పాలోళ్లు గట్టు జరిపేశారు. అరెకరం పోయింది. మిగిలిన పొలం కాగితం ఇప్పుడు ఇందులోనే ఉంది. ఇది కూడా పోతే మేం ఎవరి కాళ్లు పట్టుకోవాలి?"

ఆమె వెళ్లాక మేనేజరు సామ్యేలు గొంతు తగ్గించాడు.

"ఛైర్మన్ గారు తాకట్టు పెట్టిన పొలం దస్తావేజు మాత్రం ఇక్కడ లేదండి. బీరువాలు దించే ముందురోజే తెనాలి పంపించమన్నారండి."

తిరుగు రైల్లో నా ఒళ్లు మండిపోయింది. కొనడానికొక తూకపు రాయి, అమ్మడానికొక తూకపు రాయి పెట్టుకున్నవాడి చేత మా బజారులో కొట్టు మూయిస్తారు. ఈయన్ని సభలో మధ్య కుర్చీలో కూర్చోబెట్టాం. ఇల్లు చేరగానే అజయ్ బాబుకు ఫోను చేసి, మేడ మీది గది లేదనుకుని, ఉప్పెనను కలిపి మళ్లీ నడపమన్నాను.

తర్వాతి సమావేశానికి అతను వచ్చాడు. "మా అమ్మనడిగానండి. ఆ రోజు బాపట్లలో చూసినవన్నీ చెప్పింది. అది కలిపి నడిపితే, అలాంటి ఏడాది ఒక్కటి వచ్చినా మీ బ్యాంకు మూలధనం చాలడం లేదండి" అన్నాడు.

"ఎన్ని వేల ఏళ్లకోసారి వస్తుందయ్యా అది?" అన్నారు ఛైర్మన్ గారు.

"ఎప్పుడో గాని రాదంటే భయమెందుకండీ?" అన్నాను. "మరి మీ దస్తావేజు తెనాలి ఎందుకు తెప్పించుకున్నారు?"

ఆయన ముఖం మాడిపోయింది. "ఏదో సంతకం అవసరమై..."

"సంతకం అయిపోయుంటుంది. పంపించేయండి. మీది అడుగు అరలో పెట్టిద్దాం, విజయమ్మది దానిపైన."

ఎవరూ నవ్వలేదు. రేపల్లె వైపు పొలాలున్న డైరెక్టర్లు ముందు చెయ్యెత్తారు, మిగతావాళ్లు వాళ్లను చూసి ఎత్తారు. కోచింగ్ సెంటరు ఖాళీ అయింది. బీరువాలు పైకెక్కాయి.

అక్టోబరు చివర వాయుగుండం పట్టుకుంది. కాలవలు పొంగి రేపల్లె శాఖలోకి మోకాళ్లలోతు నీళ్లు వచ్చాయి. సామ్యేలు ఫోను చేశాడు. "కింద కుర్చీలు తేలుతున్నాయండి. పైన కాగితాలకు తడి తగల్లేదండి."

మార్చి గడిచాక సంవత్సరం లెక్కలు సభ ముందుకు వచ్చాయి. ఛైర్మన్ గారు కళ్లద్దాలు సవరించుకుని చదివారు. "రేపల్లె శాఖ. తడిసిన కుర్చీల బదులు కొత్తవి, కొంత ఖర్చు. నీళ్లవల్ల దస్తావేజులకు నష్టం, లేదు."

కాగితం బల్ల మీద పెట్టి అందరివైపూ చూశారు. "చూశారుగా, అంత వరదొచ్చినా దస్తావేజులకు నష్టం లేదు. ఇంకా ఆ మేడ మీది గదికి అద్దె ఎందుకు కడుతున్నామో సభ్యులు ఒకసారి ఆలోచించాలి."

మళ్లీ గొడుగు సంగతి చెప్పడానికి నేను కుర్చీ వెనక్కి నెట్టి లేచాను.