కృష్ణకు ఇవతలి ఒడ్డున

కమలాక్షి రెండేళ్లుగా గుట్టుగా దాచుకొస్తున్న సంగతి ఒకటుంది. పన్నెండేళ్ల కూతురు శ్రుతికి షుగర్. రోజూ బాత్రూం తలుపు గడియ పెట్టుకుని సూది వేసేది. ఎవరి కంటయినా పడితే బలానికని చెప్పేది. రాయచూరు గంజ్‌లో కిరాణా కొట్టు పెట్టుకున్న సంసారం, ఆడపిల్ల, రేపు సంబంధాలు చూడాలి. నలుగురి నోళ్లలో పడితే ఇక పిల్ల బతుకు ఏమవుతుందోనని ఆమె హడలు. భర్త గురునాథ్‌దీ అదే మాట.

ఆ గురువారం బజారు ఆడవాళ్లంతా పిల్లలను వెంటేసుకుని, టెంపో మాట్లాడుకుని కురుగడ్డకు బయలుదేరారు. కృష్ణ మధ్యలో లంక, అందులో స్వామి పాదుకలున్న గుడి. గుండ్రటి బుట్టలాంటి పుట్టిలో కూర్చుని ఏరు దాటాలి. పెత్తనమంతా గురునాథ్ అక్క బసవమ్మది. పాదుకల దర్శనం అయ్యేదాకా ఎవరూ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదని ఆవిడ హుకుం. అభిషేకం నీళ్ల బిందె మాత్రం కన్నెపిల్ల చేతిలో ఉండాలని శ్రుతిని ఎంచింది. పిల్ల ఎప్పుడూ పుట్టి ఎక్కి ఎరగదు. నడి ఏట్లో అది గిర్రున తిరుగుతుందట కదా అని కనబడిన వాళ్లనల్లా అడిగి చంపేసింది.

బసవమ్మ ముందు రోజు నుంచీ వాళ్లింట్లోనే మకాం. అందుకని కమలాక్షి పొద్దున్నే సూది అయితే వేయగలిగింది కానీ తిండి పెట్టలేకపోయింది. సూది వేశాక తినకపోతే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. త్వరగా దాటేస్తాం, దర్శనం కాగానే ఏదో ఒకటి తినిపిస్తానని మనసుకు సర్దిచెప్పుకుంది. గ్లూకోజ్ పొట్లం ఉన్న సంచి టెంపోలోనే వదిలేసింది, వదిన కుంకుమ కోసమని అందులో చెయ్యి పెడుతుందేమోనని. ఇంత తెలివి దేనికి పనికొచ్చిందో మీరే చూడండి.

ఒడ్డుకు చేరేసరికి పుట్టి అవతలి ఒడ్డున ఉంది. గాలి తగ్గేదాకా రానని పుట్టివాడు ఫోన్లో చెప్పాడు. టెంపో డ్రైవరు టీ కోసం బండేసుకుని ఊళ్లోకి పోయాడు. ఎండ ముదిరింది. ఆడవాళ్లు ఇసుకలో కూర్చుని భజన ఎత్తుకున్నారు. ఎంతోసేపటికి పుట్టి ఇటు తిరిగింది. అంతలో శ్రుతి చేతిలోని బిందె జారిపడింది.

పిల్ల ఊగుతోంది. జుట్టు విడిపోయింది. ఒళ్లంతా చెమట. ఎవరినీ చూడని కళ్లు, ఊరికే నవ్వు, అర్థం కాని మాటలు.

"దేవుడొచ్చిండు పిల్ల మీద. ఎవరూ ముట్టుకోకుండ్రి," అంది బసవమ్మ.

అందరూ లేచి దండం పెట్టారు. ఒకామె వచ్చి కాళ్ల మీద పడి, నా కోడలికి కడుపు పండుతుందా తల్లీ అని అడిగింది. ఇంకొకామె నుదుటి నిండా కుంకుమ పూసింది. నిజం చెప్పాలి కనుక చెబుతున్నాను, ఒక్క క్షణం కమలాక్షికి ప్రాణం లేచొచ్చింది. దేవుడనే అనుకోనీ, గుట్టు బయటపడదు. మరుక్షణం శ్రుతి మోకాళ్ల మీద కూలింది. చేతులు కొట్టుకుంటున్నాయి.

"దేవుడు కాదు వదినా. షుగర్ పడిపోయింది. రెండేండ్ల సంది ఉంది దీనికి. నేనే దాచిన."

"ఏంది కమలా, దేవుని కాడ గిట్ల మాట్లాడ్తవు?"

"జర చక్కెర ఇయ్యి. నీ కాళ్లు మొక్కుత."

చక్కెర బసవమ్మ మూటలోనే ఉంది. స్వామికి నైవేద్యం. ఆవిడ మూటను గుండెలకు హత్తుకుని వెనక్కి జరిగింది. దేవునికి పెట్టకముందే ఎంగిలి చేస్తరా అంది. కమలాక్షి మూట లాక్కుంది. ముడి రాకపోతే పళ్లతో కొరికి చింపింది. చక్కెర సగం ఇసుక పాలయింది. మిగిలినది తడి వేళ్లతో అద్దుకుని పిల్ల చిగుళ్లకు, బుగ్గల లోపల రాసింది, మళ్లీ రాసింది. నా బిడ్డా, మింగు బిడ్డా అంటూ ఏడుస్తూనే రాసింది. భజన ఎప్పుడు ఆగిపోయిందో ఆమెకు తెలియదు.

పుట్టి ఒడ్డుకు తగిలింది. గాలి మళ్లీ లేస్తుంది, వచ్చేవాళ్లు ఇప్పుడే రావాలని పుట్టివాడు తొందరపెట్టాడు. బసవమ్మ బిందె తీసుకుని, కడిగి, నీళ్లు ముంచి ఇంకో ఇంటి పిల్ల చేతికిచ్చింది. ఉంటామని ఒకరిద్దరు అన్నారు గానీ ఉండలేదు. షుగరంట, చిన్నపిల్లకే అంట అని గుసగుసలాడుకుంటూ ఎక్కారు.

పుట్టి నడి ఏట్లోకి పోయాక శ్రుతి కళ్లు తెరిచింది. అమ్మ ఒళ్లోంచే తల తిప్పి అటు చూసింది. నీళ్ల మీద పుట్టి గిర్రున తిరుగుతోంది. అందులోని పిల్లలు కేకలేస్తున్నారు.

"నన్ను ఇడిసి పోయిండ్రా?"

"మళ్లొస్తం బిడ్డా. మనిద్దరమే వస్తం."

శ్రుతి వెక్కివెక్కి ఏడ్చింది. కమలాక్షి కొంగుతో ముఖం మీది కుంకుమ తుడిచింది. భయం తగ్గేసరికి కోపం వచ్చింది ఆమెకు.

"కండ్లు తిరుగుతున్నయని ముందే ఎందుకు చెప్పలేదే? చేతులు వణికితే తెలుస్తది గద నీకు."

"తెలిసింది. వచ్చి నీ కొంగు గుంజిన," అంది శ్రుతి. "అత్త పక్కనే ఉండె. నువ్వు కండ్లు పెద్దగ చేసి చూస్తివి. అందుకే ఊకున్న."