పుచ్చకాయల పాలిటి దేవుణ్ణి

నేనొక శిరస్త్రాణాన్ని. అంత మాట నోరు తిరిగి పలికేలోగా మీ బండి తిరగబడుతుంది కనుక హెల్మెట్ అనండి చాలు. ఏదో ఫ్యాక్టరీలో పోత పోసి, లోపల మెత్త పెట్టి, గడ్డం కిందికి పట్టీ తగిలించి, మనిషి తల కాపాడమని లోకం మీదికి వదిలారు. వచ్చి చూస్తే ఇక్కడ తలకాయలు బోలెడు, తలలు తక్కువ. మంచిమాటకీ నాకూ ఒకటే జాతకం. ఇద్దరం మీ తలకెక్కం.

నన్ను విజయనగరం వైపు ఒక ఆసుపత్రివాళ్లు కొన్నారు. అక్కడ ప్రమాదాల వార్డులో రూతమ్మ అనే సిస్టరుంది. దెబ్బలు తగిలి బాగై వెళ్లినవాళ్లని ఆమె అంతటితో వదలదు. ఇళ్లకెళ్లి చూసొస్తుంది, నడిపిస్తుంది, ధైర్యం చిక్కాక సంతకు తీసుకెళ్లి, మైకిచ్చి, జరిగింది పదిమందికీ చెప్పమంటుంది. అలా పోలినాయుడి చేతికొచ్చాను. మూడేళ్ల కిందట హెల్మెట్‌ని ఇంట్లో మేకుకు తగిలించి, తాను వెళ్లి కల్వర్టుకు తగులుకున్న మహానుభావుడు. ఇప్పుడు ఎడంకాలు ఈడుస్తాడు. ఒక్కో మాట కోసం కాసేపు వెతుక్కుంటాడు.

సంతలో మా విద్య ఇదీ. బల్లమీంచి ఒక పుచ్చకాయని ఉత్తగా వదులుతారు, ఇంకోదాన్ని నాలో పెట్టి వదులుతారు. ఉత్తది పగులుతుంది, నాలోది బతుకుతుంది. జనం చప్పట్లు కొట్టి, చచ్చినదాన్నీ బతికినదాన్నీ కలిపి తినేస్తారు. ఆ లెక్కన మూడు నెలల్లో పద్నాలుగు ప్రాణాలు కాపాడాను. అన్నీ పుచ్చకాయలే. ముఖ్య అతిథి నన్ను చంకలో పెట్టుకుని ఫొటో దిగి, బోడితలతో బండెక్కి పోతాడు.

అతన్ని మించిన ఘనుడు తవిటినాయుడు. పోలినాయుడి తమ్ముడు, అన్నను సంతలకు తెచ్చేవాడు. అన్న ఆ మేకు మీది పాత హెల్మెట్ పెట్టుకుని వెనక కూర్చుంటాడు. తమ్ముడు నన్ను ప్లాస్టిక్ సంచిలో చుట్టి ట్యాంకు మీద పెట్టుకుంటాడు. పెట్టుకోరా అంటే, గీతలు పడితే ప్రదర్శనలో బాగోదంటాడు. నాకు రక్షణ సంచి, అతని తలకు రక్షణ హేండిలుకు కట్టిన ఎండు నిమ్మకాయ. దారి పొడుగునా ఆ బోడితల వెనకే పోలినాయుడి చూపు, చూపు నిండా భయం. తన బుర్ర సగం పోయింది, తమ్ముడిది పూర్తిగా పోతుందేమోనని.

చివరికి గజపతినగరం సంతలో పోలినాయుడు పుచ్చకాయ వదల్లేదు. దాన్ని పట్టుకుని, చాలాసేపు మాటలు వెతుక్కుని, తమ్ముణ్ణి ముందుకు పిలిచాడు.

"ఒరే తవిటీ, పుచ్చకాయకున్న ఇలువ నీ బుర్రకి నేదేట్రా?"

సంతంతా నవ్వింది.

"అందరూ చూస్తన్నారన్నా, ఊరుకో."

"నువ్వా హెల్మెట్టు ఎట్టుకున్నదాకా నాను బండెక్కను."

అని మైకు రూతమ్మకిచ్చి, నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంటికి కాలీడ్చుకుంటూ బయల్దేరాడు. తమ్ముడు నన్ను మళ్లీ సంచిలో చుట్టి ట్యాంకు మీద పెట్టి, బండి తోసుకుంటూ వెనకే. రేపట్నుంచి పెట్టుకుంటానన్నాడు, చెమటన్నాడు, జుట్టు రాలుతుందన్నాడు, అసలు జుట్టే లేనివాడు. అన్న వెనక్కి చూడలేదు. ఆ కల్వర్టు దగ్గరే కాలు మొరాయించి కూలబడ్డాడు. అప్పుడు తవిటినాయుడు సంచి విప్పి, నన్ను పెట్టుకుని, పట్టీ బిగించాడు.

పుట్టిన ఇన్నాళ్లకి నాలో ఒక తల దూరింది. చెమట, కొబ్బరినూనె వాసన. లోపల నేననుకున్నట్టే సరుకేమీ లేదు. కానీ వెచ్చగా ఉంది. పుచ్చకాయ ఏనాడూ అలా లేదు.

వానల్లో ఒక గేదె అడ్డొచ్చింది. నేను పగిలాను. అతను లేచి, బట్టలు దులుపుకుని, గేదెను తిట్టాడు. నాకొక్క మాట చెప్పలేదు.

ఇప్పుడు రూతమ్మ నన్ను ఆసుపత్రి గుమ్మం పక్క అద్దాల బీరువాలో పెట్టింది. వచ్చినవాళ్లు నా పగులు చూసి అయ్యో అంటారు. బయటికెళ్లి తమ హెల్మెట్‌ని బండి అద్దానికి తగిలించుకుని పోతారు. కిటికీలోంచి నాకన్నీ కనిపిస్తాయి.

నిన్న అన్నను చూపించడానికి తవిటినాయుడు వచ్చాడు. తలమీద కొత్త హెల్మెట్. తీయడం మరిచి, పట్టీ కూడా విప్పకుండా, చీటీల వరసలో గంట నిలబడ్డాడు. జనం ఒకరికొకరు చూపించుకుని నవ్వారు. వట్టి మొద్దు.

నేను మాత్రం నవ్వలేదు.