పుట్టమన్ను పిడికిలి

పిడి చేసేవాడు చెయ్యి ఎందుకు చూడడు?

ఈ అనుమానం లక్ష్మక్కకు ఈనాటిది కాదు. కాపురానికి వచ్చిన ఏడాది అత్త ఆమె చేతికి మచ్చుకత్తి ఇచ్చినప్పుడు మొదలైంది. గాజులమ్మేవాడు వీధిలోకి వస్తే ముందు చెయ్యి పట్టి చూస్తాడు. మెత్తటి చెయ్యో, ఎముక చెయ్యో చూసుకుని ఆ కొలత గాజే తీస్తాడు. కత్తికి పిడి వేసేవాడు మాత్రం తన పిడికిలినే కొలతగా పెట్టుకుని చెక్కుతాడు. దేవుడు తలా ఒక కొలత చెయ్యి ఇచ్చాడు గదా, మరి పిడులన్నీ మగవాడి చేతికే ఎందుకు పుడతాయి? ఈ మాట ఆమె అప్పట్లో ఎవరినీ అడగలేదు. అడగడానికి ఇదొక మాటా అనుకుంది.

ఇప్పుడు సోలారు ప్లేట్ల వరుస కింద గొంతుక్కూర్చుని, పాత చీర పేలికతో కత్తిని కుడి మణికట్టుకు కట్టుకుంటూ కూడా అదే అనుకుంటోంది. ముడిని పళ్లతో లాగి బిగించింది. కత్తి మొగుడు గంగాధరప్పది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పిడి చెమటకు నల్లబడి, నున్నబడి, గుండ్రాయిలా ఉంది. చేతికి అడ్డుగా చివర ఉండాల్సిన బొడిపె ఏనాడో విరిగిపోయింది. ఆ లావు పిడిని పట్టీ పట్టీ ఆమె చిటికెన వేలూ, దాని పక్క వేలూ సగం ముడుచుకుని ఆగిపోయాయి. పూర్తిగా తెరుచుకోవు, పూర్తిగా మూసుకోవు. అన్నం కలిపినా, దేవుడికి దణ్ణం పెట్టినా ఆ రెండు వేళ్లూ కత్తి పట్టుకున్నట్టే ఉంటాయి.

కంపెనీ వాళ్లు ఒకసారి నల్ల ప్లాస్టిక్ పిడుల కత్తులు పంచారు. ఎండకు కాలాయి, చెమటకు జారాయి, వేసవి దాటకముందే పగిలాయి. అందరూ మళ్లీ ఇంటి కత్తులే తెచ్చుకున్నారు.

"ఏం లక్ష్మక్కా, కత్తికి తాళి కట్టినావే!" పక్క వరుసలోంచి చిక్కన్న అన్నాడు.

"కట్టినాలేప్పా. ఇదన్నా నన్నిడిసిపెట్టి పోకుండా ఉంటాదని."

చిక్కన్న పగలబడి నవ్వాడు. మొన్న ఆమె కత్తి జారి అతని కాలి పక్కనే పడింది. అయినా అతను కోపం పెట్టుకోలేదు.

ఈ నేల ఆమెకు కొత్త కాదు. రాయచెర్లులో హనుమంతరాయుడి వేరుశనగ చేను ఇక్కడే ఉండేది. పెళ్లయినప్పటి నుంచీ అందులో కలుపు తీసింది. ఇప్పుడు ప్లేట్లు పెట్టిన చేనుకు కంపెనీ బాడుగ ఇస్తుంది, హనుమంతరాయుడు పావగడలో మేడ కట్టుకున్నాడు. భూమి లేని లక్ష్మక్కకు కంచె లోపల మొలిచే గడ్డీ, ముళ్ల జాలికంపా మిగిలాయి. కంచె బయట కొట్టడానికి ఏమీ లేదు. గేటులో చూపించే పాసు మెడలో ఉంటేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

సూపర్‌వైజర్ ప్రశాంత్‌కుమార్ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. వెంకటమ్మనహళ్లి పిల్లవాడు, మర్యాదస్తుడు.

"అక్కా, ఆ గుడ్డ ఇప్పేయ్."

"ఇప్పితే జారతాది సారూ."

"కట్టుకుంటే ఇంకా మోసం. పడితే నీ మీదనే పడతాది. పైవాళ్లు చూస్తే నా పని కూడా పోతాది. ఇప్పి కొట్టు, చూస్తా."

ఆమె విప్పింది. మనసులో శనిమహాత్ముణ్ని తలుచుకుని జాలి మోడు మీద ఒక వేటు వేసింది. నిలిచింది. రెండో వేటుకు కత్తి చేపలా చేతిలోంచి జారిపోయి, ప్లేటు కింది ఇనుప కాలికి తగిలి ఖంగుమంది. అద్దం పగల్లేదు. ఆ మోత మాత్రం వరుస పొడుగునా పోయింది. చిక్కన్న గడ్డి కొట్టడం ఆపి ఇటు చూశాడు.

ప్రశాంత్‌కుమార్ చెయ్యి చాపాడు. ఆమె మెడలోని పాసు తీసి ఇచ్చింది.

"సోమవారం రాక్కా. గుడ్డ లేకుండా పట్టి చూపించు. నిలిస్తే పాసిస్తా. నిలవకపోతే మాత్రం నన్నేం అడగొద్దు."

"నేనేం అడుగుతానప్పా నిన్ను," అంది లక్ష్మక్క.

కత్తిని సంచిలో వేసుకుని బయటికి నడిచింది. దారి పొడుగునా కంచె పక్కనే ఉంది. లోపలున్నా కంచే, బయటున్నా కంచే.

ఊరి మొదట్లో వడ్రంగి మౌనాచారి కొట్టం. ఆయన ఆమెకు ఒక పిడి బాకీ. ఏళ్ల కిందట, ఆమె వేళ్లు ఇంకా ముడుచుకోనప్పుడు, గాలివానకు ఆమె ఇంటి వెనక తుమ్మచెట్టు కూలితే మొద్దు ఆయనే తోలుకుపోయాడు. డబ్బు వద్దంది లక్ష్మక్క. "నా చేతికి సరిపోయే పిడి ఒకటి చేసియ్ ఆచారీ, చాలు," అంది. తన అనుమానాన్ని బయటికి అన్నది ఆ ఒక్కసారే. ఆచారి ఆమె చెయ్యి ముట్టుకోలేదు. పుట్టమన్ను తడిపి ముద్ద చేసి ముందు పెట్టాడు. "దీన్ని పిడికిట్లో బిగించి పెట్టి పో," అన్నాడు. ఆ ముద్ద ఎండి కొట్టం గూటిలోకి చేరింది. మొద్దులోంచి బండి చక్రాల ఆకులయ్యాయి, నాగళ్లయ్యాయి, డబ్బిచ్చినవాళ్ల పిడులయ్యాయి. ఆమె పిడి కాలేదు. తర్వాత ప్లేట్లు వచ్చాయి, నాగళ్లు అటకెక్కాయి, ఆచారి చేతులకు వణుకు వచ్చింది. శనివారం శనివారం ఆమె ఆ దారిన పోతూ, "ఏం ఆచారీ?" అనేది. "ఇస్తాలే," అనేవాడు. పోయిన శనివారం మంచం మీద ఉన్నాడు. నీళ్లు తాపితే తాగి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. ముడుచుకున్న వేళ్లను ఒక్కొక్కటే తడిమాడు. రోగపువాడి భయం అనుకుని ఆమె ఊరుకుంది.

ఇవాళ కొట్టం ముందు నలుగురు నిలబడి ఉన్నారు. అరుగు మీద తెల్లటి పంచె కప్పి ఉంది. తల దగ్గర దీపం వెలుగుతోంది.

ఆచారి కోడలు శిల్పశ్రీ ఆమెను చూసి లేచి వచ్చింది. "మధ్యాన్నం గంజి తాపినాక్కా, తాగినాడు. గిన్నె కడిగొచ్చేలోగా లేడు."

లక్ష్మక్క కాళ్ల దగ్గర తల ఆనించి మొక్కింది. పోదామని లేస్తుంటే శిల్పశ్రీ లోపలికి పోయి గుడ్డలో చుట్టిన వస్తువు ఒకటి తెచ్చింది.

"వారమంతా దీని మీదే కూర్చున్నాడు. నేను కట్టె పట్టుకుంటే ఆయప్ప ఆకురాయి పట్టినాడు. పొద్దున పిడి బెజ్జంలో లక్క పోసి, 'ఈ పొద్దు లక్ష్మక్క వస్తాది, ఇచ్చేయ్, శనివారం బాకీ పెట్టుకోని పోగూడదు' అన్నాడు. పిడిలోకి పోయే కత్తి ముల్లు కాల్చి దింపు, లక్క కరిగి పట్టుకుంటాదంట."

తుమ్మ చేవ పిడి. సన్నగా, ఎర్రగా ఉంది. నోటి చుట్టూ ఇత్తడి పొన్ను, చివర బొడిపె. లక్ష్మక్క పట్టుకుంది. మూడు వేళ్లూ వాటంతటవే చుట్టుకున్నాయి. ముడుచుకున్న రెండు వేళ్లు ఆగిన చోట కట్టె వాటికోసమే ఉబ్బి ఎదురొచ్చింది. ఆమె లాగి చూసింది. రాలేదు.

పోయిన శనివారం ఆయన ఎందుకు వదల్లేదో అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లకు ఒకడు చెయ్యి చూశాడు.

సోమవారం పాసు వస్తుంది అనిపించింది. శవం ముందు ఆ మాట తలుచుకున్నందుకు సిగ్గుపడింది. పాసు వస్తే మళ్లీ ఆ గేటు, ఆ వరుసలు, ఆ జాలికంప. తుమ్మ చేవ గదా, ఈ పిడి తనకంటే ఎక్కువ కాలమే ఉంటుంది. ఇక జారదు. జారి తప్పించుకునే దారీ లేదు. సంతోషమో దిగులో తేల్చుకోలేక పిడిని కళ్లకద్దుకుంది.

"ఆచారీ, తీరిపోయిందిప్పా," అంది మెల్లగా.

"ఆ మన్ను ముద్ద కూడా నీదేనంటక్కా. తీసుకుపోతావా?"

లక్ష్మక్క గూటి వైపు చూసి తల అడ్డంగా ఊపింది. పిడిని సంచిలో పెట్టుకుని మెట్టు దిగింది.

గూట్లో దీపం వెలుగు పడే చోట పుట్టమన్ను ముద్ద ఉండిపోయింది. దాని మీద ఆనాటి నాలుగు వేళ్ల గుర్తులూ ఒకదాని కింద ఒకటి, వంకర లేకుండా ఉన్నాయి.