మెడ మీద పట్టీ

ఆ ఫిబ్రవరిలో దేవపాల్ ఇంట్లో ఇద్దరు నార్వేవాళ్ళు దిగారు. టౌరంగా ఊరి చుట్టుపక్కల అయిదు రోజుల సైకిల్ పందెం. హోటల్ గదులు చాలక, ఖాళీ గది ఉన్న ఇళ్ళకు పందెగాళ్ళను ఇద్దరేసి చొప్పున పంచారు. దేవపాల్ కివీ పళ్ళ తోటలో తీగలు కత్తిరించే మనిషి. అడిగితే తప్ప ఆయన నోటి నుంచి మాట రాలదు. ఆ లోటు భార్య ప్రేమజ్యోతి తీరుస్తుంది. ఆమె టౌరంగాలో నర్సు.

వచ్చినవాళ్ళలో పెద్దవాడు ఓడ్వార్, ముప్ఫై ఎనిమిదేళ్ళవాడు. చిన్నవాడు సిండ్రే, ఇరవై. ఇద్దరిదీ ఒకటే జట్టు. పదిహేనేళ్ళుగా ఓడ్వార్ చేసేది ఒకటే పని. జట్టులో గెలవాల్సినవాడికి నీళ్ళ సీసాలు మోయడం, ఎదురుగాలికి తాను అడ్డం నిలిచి వాణ్ణి వెనక దాచి లాక్కుపోవడం, ముగింపు గీత దగ్గర పడగానే పక్కకు తప్పుకోవడం. ఇప్పుడా గెలవాల్సినవాడు సిండ్రే.

"తాత గెలిచి రెండు చేతులూ ఎప్పుడూ పైకి లేపలేదు. లేపితే సీసాలు కింద పడతాయని భయం," అన్నాడు సిండ్రే భోజనాల దగ్గర, ఓడ్వార్‌ని చూపిస్తూ.

ఓడ్వార్ అందరికంటే గట్టిగా నవ్వాడు. "ఆదివారంతో నా పందేలు సరి. ఆ తర్వాత మా అన్న చేపల పడవే. పోయే లోపల ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ముందు చేరాలని ఉంది." ఆ మాట అంటున్నప్పుడు అతని చేతిలో చెంచా అన్నం మీద ఆగిపోయింది. అది దేవపాల్ ఒక్కడే చూశాడు.

సిండ్రే ఆయన వైపు తిరిగాడు. "దేవ్, మీ తోటలో ముసలి తీగల్ని ఏం చేస్తారు?"

"కోసేస్తాం."

పళ్ళాలు అదిరేలా నవ్వారు. "ఏడాదికోసారి నోరు తెరుస్తారు, అదీ ఇట్టానా!" అని ప్రేమజ్యోతి మొగుణ్ణి కసిరింది.

దేవపాల్ చిన్నప్పుడు వాళ్ళ నాన్న కొత్త ఎద్దుకు పని నేర్పాలంటే పాత ఎద్దు జతన కట్టేవాడు. పాతది అడుగడుక్కీ మెడ తిప్పి, కుర్రది లాగుతోందో లేదో చూసుకునేది. ఓడ్వార్‌దీ అదే వాలకం. సైకిలెక్కితే నిమిషానికోసారి ఎడమ భుజం మీదుగా వెనక్కి చూస్తాడు. స్నానానికి పోతూ కూడా చూస్తాడు.

"ఏందయ్యా, నీ వెనకాల పోలీసులేమన్నా వస్తన్నారా?" అని ప్రేమజ్యోతి అడిగితే, పద్నాలుగేళ్ళ కూతురు జెన్సీ దాన్ని ఇంగ్లీషులో చెప్పి తానే పడీపడీ నవ్వింది.

శనివారం పందెం వాళ్ళ గేటు ముందు నుంచే పోయింది. అక్కణ్ణుంచి ఊరి హాలు దాకా నిటారు ఎత్తు, హాలు ముందు గీత. గేటు దాకా ఓడ్వారే ముందున్నాడు. వెనక్కి చూశాడు, ముగ్గురు దాటిపోయారు.

ఆ సాయంత్రం దేవపాల్ ఒక్క వాక్యం కాదు, మూడు చెప్పాడు. "నువ్వు తల తిప్పినప్పుడల్లా సైకిలు ఎడమకి జానెడు పోతంది. వాళ్ళు ఆ సందులో దూరతన్నారు. రేపు చూడబాక."

"పిల్లాడు వెనకున్నాడో లేడో చూసుకోవద్దా? పదిహేనేళ్ళ అలవాటు, దేవ్. మెడ నా మాట వినదు."

"నా మాట వింటది," అంది ప్రేమజ్యోతి.

ఆదివారం పొద్దున ప్రార్థన అయ్యాక ఆమె అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఎడమ చెవి కింద నుంచి రెక్క ఎముక దాకా రెండు పొరల ప్లాస్టర్ బిగించి అంటించింది. "కాళ్ళయితే నున్నగా గీసుకున్నావు గాని మెడ గీసుకోలేదుగా. తిప్పి చూడు, వెంట్రుకలతో సహా ఊడొచ్చిద్ది."

అంతలో జట్టు మేనేజరు ఫోన్ చేశాడు. ఇవాళ ఎత్తు మీద గెలుపు సిండ్రేది, ఓడ్వార్ లాగాలి, అంతే. ఓడ్వార్ సరేనన్నాడు. పదిహేనేళ్ళుగా సరేనన్నవాడే.

"ఇంకెందుకండీ ఈ పట్టీ, తీసేద్దునా?" అంది ప్రేమజ్యోతి.

"ఉండనీ," అన్నాడు దేవపాల్. సిండ్రే టీ తాగుతూ వాళ్ళనే చూస్తున్నాడు.

మధ్యాహ్నం గుంపు నిన్నటి దారినే వచ్చి, గేటు ముందరి మలుపు తిరిగింది. ముందు ఓడ్వార్, అతని చక్రానికి అంటుకుని సిండ్రే, వాళ్ళ వెనక పది పన్నెండు మంది. గేటు దగ్గర ఓడ్వార్ మెడ ఎడమకి ఒక్క గుంజు గుంజింది. మొహం చిట్లించాడు, చూపు మళ్ళీ ముందుకు పెట్టాడు. సైకిలు తాడు పట్టినట్టు పోయింది.

సరిగ్గా అప్పుడు సిండ్రే ఇరుకు రోడ్డు నడిమధ్యన తొక్కడం ఆపి, వంగి తన చెయిను కేసి చూసుకున్నాడు. వెనకవాళ్ళు బ్రేకులు నొక్కి, తిట్టి, చుట్టు తిరిగి అందుకునేసరికి ఓడ్వార్ అల్లంత దూరాన ఉన్నాడు. అతనికి అది తెలియదు. వెనక పిల్లవాడున్నాడనే నమ్మకంతో ఉత్త గాలిని లాక్కుంటూ పోతున్నాడు.

గీత దగ్గర పడగానే అలవాటు ప్రకారం పక్కకు తప్పుకుని, పోరా పొమ్మని ఎడం చెయ్యి ఊపాడు. పోవడానికి వెనక ఎవరూ లేరు. అలా చెయ్యూపుతూనే పందెం గెలిచాడు.

దేవపాల్ ఎత్తెక్కి వెళ్ళేసరికి హాలు ముందు జనం కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. ఓడ్వార్ మెడ తిరగక, సైకిలుతో సహా మనిషంతా గుండ్రంగా తిరుగుతూ, సిండ్రేని అభినందించాలని వెతుకుతున్నాడు. నాలుగోవాడిగా వచ్చిన సిండ్రే మేనేజరు ముందు చేతులు చాపాడు. "చెయిన్ జారింది. చేత్తో ఎక్కించుకున్నా."

దేవపాల్ ఆ వేళ్ళు చూశాడు. తెల్లగా కడిగినట్టున్నాయి, గ్రీజు చుక్క లేదు. దేవపాల్ చూడ్డం సిండ్రే చూశాడు. మెల్లగా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. దేవపాల్ చూపు తిప్పుకుని, పోయి ఓడ్వార్ సైకిలు పట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక ప్రేమజ్యోతి పట్టీ లాగితే ఓడ్వార్ పెట్టిన కేకకు పక్కింటి కుక్క మొరిగింది.

"పేపర్లో తాత ఫోటో ట్రాఫిక్ పోలీసులా పడుతుంది," అన్నాడు సిండ్రే. "పద, మళ్ళీ గెలువు. జెన్సీ తీస్తుంది. సీసాలు నాకియ్యి."

ఓడ్వార్ గేటు ముందు నుంచి ఎత్తు మీదికి తొక్కాడు. సిండ్రే రెండు చేతుల్లో రెండు సీసాలతో వెనక పరిగెత్తాడు. జెన్సీ కెమెరా ఎత్తింది. ఓడ్వార్ హ్యాండిల్ వదిలేసి, రెండు చేతులూ ఆకాశంలోకి లేపాడు. లేపి, పిల్లవాడు వస్తున్నాడో లేదోనని ఎడమ భుజం మీదుగా వెనక్కి చూశాడు.

"ఆ పట్టీ ఉంచాల్సింది," అన్నాడు దేవపాల్.